కీలు ద్రవం పరీక్షించిన తరువాతే యాంటీబయాటిక్: వైద్య ఆరోగ్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. గోదావరి డెల్టాలో మోకీలు మార్పిడి చేయించుకున్నవారు లేని ఊరు ఇప్పుడు అరుదు. వారిలో అత్యధికులు మళ్లీ హాయిగా నడుస్తున్నారు. అయితే నూటికి ఒకరిద్దరికి అమర్చిన కీలులో ఇన్ఫెక్షన్ సోకుతుంది. రోగాలు తెచ్చే సూక్ష్మక్రిములను గుర్తించే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసే వ్యక్తిగా ఆ కొద్దిమంది తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

కృత్రిమ కీలు మీదికి చేరిన బాక్టీరియా జిగురు పొర కట్టుకుని దాని చాటున బతుకుతుంది. మందులు వేస్తే వాపు తగ్గుతుంది గాని, క్రిమి చావదు. లంక గ్రామాల్లోనో, రాజోలు, నరసాపురం వైపునో ఉన్న రోగి మోకాలు వాచగానే దగ్గరలో దొరికిన మాత్రలు వాడతాడు, తగ్గకపోతే ఇంకా బలమైన ఇంజెక్షన్లు చేయించుకుంటాడు, అవీ పనిచేయనప్పుడు కాకినాడకో విశాఖపట్నానికో వెళతాడు. అప్పటికి ఒంట్లో ఉన్న మందు ప్రభావంతో కల్చర్‌లో, అంటే నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగదు. క్రిమి లేదని ఆ రిపోర్టుకు అర్థం కాదు. దాన్ని పట్టుకునే అవకాశం మన చేతులారా పోయిందని మాత్రమే అర్థం.

మా దగ్గరికి వచ్చే నమూనాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, చీము కారే రంధ్రాన్ని పైపైన తుడిచి పంపిన దూదిపుల్ల. అందులో పెరిగేది చాలాసార్లు చర్మం మీది క్రిమే తప్ప కీలు లోపలిది కాదు. కావలసింది కీలు ద్రవం. శుభ్రమైన పద్ధతిలో సూదితో తీసిన ఆ ద్రవంలో కొంత కణాల లెక్కకు పంపి, మిగిలినదాన్ని రోగి పక్కనే బ్లడ్ కల్చర్ సీసాల్లోకి (క్రిములు పెరిగేందుకు పోషక ద్రవం ఉండే సీసాలు) ఎక్కిస్తే క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. రోగి నిలకడగా ఉంటే అంతకు ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపాలి. రక్తపోటు పడిపోయేంత తీవ్రంగా ఉంటే ఆగకూడదు, కాని మొదటి మోతాదుకు ముందే ద్రవం తీయడానికి పట్టేవి కొద్ది నిమిషాలే. నెమ్మదిగా పెరిగే క్రిములూ ఉంటాయి కనుక, సీసాలను 5వ రోజున పారేయకుండా 14 రోజుల వరకు ఉంచాలి. ఒక్క పరీక్షతో తేలకపోవచ్చు. శస్త్రచికిత్స సమయంలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఐదారు నమూనాల్లో రెండింటిలో ఒకే క్రిమి కనిపిస్తే దాన్ని నమ్మవచ్చు.

ఈ శ్రమంతా ఎందుకంటే, క్రిమిని బట్టి మందు పూర్తిగా మారిపోతుంది. మామూలు మందులకు లొంగే స్టెఫైలోకాకస్ బాక్టీరియా అయితే ఖరీదైన వాంకోమైసిన్ కంటే సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ మేలు. కీలును తీయకుండా కాపాడాలనుకుంటే రిఫాంపిసిన్ అనే మరో యాంటీబయాటిక్ తోడవుతుంది, కాని దాన్ని ఒంటరిగా ఇస్తే క్రిమి త్వరగా నిరోధకత తెచ్చుకుంటుంది. క్షయ అయితే దారే వేరు. వరిచేల తడిమట్టిలో బతికే, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిమి మధుమేహం ఉన్న రైతుల కీళ్లలోకి అరుదుగా చేరుతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌కు సాధారణంగా లొంగని ఆ క్రిమిని ల్యాబ్ సరిగా గుర్తించకపోతే సూడోమోనాస్ అనే వేరే బాక్టీరియాగా పొరబడే ప్రమాదం ఉంది. ఇవేవీ ఊహతో తేలేవి కావు. మన డెల్టా రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమోనని ఎగుమతికి ముందు పరీక్షిస్తున్నాం. మన మనుషుల విషయంలో మందు ఇచ్చే ముందు ఆపాటి జాగ్రత్త ఎందుకు ఉండకూడదు?

అందుచేత మిమ్మల్ని కోరేది ఇది. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ఇన్ఫెక్షన్ సోకిన కృత్రిమ కీలుకు అత్యవసరం కాని ఏ శస్త్రచికిత్సకు అనుమతి కోరినా, ముందుగా తీసిన కీలు ద్రవం కల్చర్ రిపోర్టు జతచేయాలని, దాని ఖర్చు పథకమే భరిస్తుందని ఉత్తర్వు ఇవ్వండి. బ్లడ్ కల్చర్ సీసాలు డెల్టాలోని ఏరియా ఆసుపత్రుల్లో ఎప్పుడూ నిల్వ ఉండేలా, అక్కడి నుంచి ద్రవం ఎక్కించిన సీసాలు అదే రోజు కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రుల ల్యాబులకు చేరేలా చూడండి. 2023లో ప్రారంభమైన రాజమహేంద్రవరం, ఏలూరు వైద్య కళాశాలల మైక్రోబయాలజీ విభాగాలకు ఈ బాధ్యత అప్పగిస్తే, ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో చెప్పే వార్షిక పట్టిక కూడా వారే తయారుచేయగలరు. ఆ పట్టిక ప్రతి ఏరియా ఆసుపత్రిలోని ఎముకల వైద్యుడికీ చేరాలి.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమకు చెందిన ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగి