ఫోను మీద నేరం మోపే ముందు లెక్క సరిగ్గా తీయించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో వీర్య పరీక్షల పని చేసే లేబ్ టెక్నీషియన్లం ఈ బహిరంగ లేఖ రాస్తున్నాం.

"ఫోను జేబులో పెట్టుకుంటే వీర్యకణాల కౌంట్ పడిపోతుందా?" పరీక్షకు వచ్చే మగవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. అవునని హడలగొట్టేవాళ్లున్నారు, ఒట్టి మాటని కొట్టిపారేసేవాళ్లున్నారు. రెండూ తొందరపాటే. స్విట్జర్లాండ్‌లో 2005 నుంచి 2018 వరకు, సైన్యం ఎంపికలకు వచ్చిన 18–22 ఏళ్ల యువకులు 2,886 మందిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒకసారికి మించి ఫోను వాడనివాళ్లలో మిల్లీలీటరుకు 5.65 కోట్ల వీర్యకణాలుంటే, రోజుకు 20 సార్లకు పైగా వాడేవాళ్లలో 4.45 కోట్లు కనిపించాయి. తేడా 21 శాతం. కణాల కదలికలో, ఆకారంలో తేడా లేదు. ఫోను ప్యాంటు జేబులో పెట్టుకున్నా మరోచోట పెట్టుకున్నా ఫలితం మారలేదు. పైగా 4.45 కోట్లు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనిష్ఠ ప్రమాణం 1.6 కోట్లకు చాలా పైనే.

ఇప్పుడు మా బల్ల మీదికి రండి. కౌంటింగ్ చాంబర్‌లో, అంటే గీతలున్న గాజు పలక మీద, 50 కణాలు లెక్కపెట్టి వదిలేస్తే, ఆ లెక్కలోనే 14 శాతం అటూ ఇటూ అవుతుంది. చాంబర్ రెండు వైపులా 200 చొప్పున 400 లెక్కిస్తే అది 5 శాతానికి దిగుతుంది. ఫోను వల్ల అంటున్న తేడాయే 21 శాతం అయినప్పుడు, అరకొర లెక్కతో ఎవరికి ఏం తేల్చి చెప్పగలం?

తప్పు చాంబర్ దాకా రాకముందే మొదలవుతుంది. పరీక్షకు ముందు సంయమనం, అంటే వీర్యం పోకుండా ఉండటం, రెండు రోజులకు తగ్గకూడదు, ఏడు దాటకూడదు. మొదట పడే భాగంలోనే కణాలు ఎక్కువ. అది డబ్బాలో పడకుండా పోతే కౌంట్ తక్కువ వస్తుంది, మనిషికి లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. అందుకే పడిపోయిందా అని అడిగి, జవాబు రిపోర్టులో రాయాలి. శాంపిల్ 20–37 డిగ్రీల మధ్య ఉండాలి. అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు పరీక్ష మొదలవ్వాలి. చిక్కటి వీర్యాన్ని బాగా కలపకుండా పిపెట్‌తో లాగితే ఒక చుక్కలో గుంపు, మరో చుక్కలో ఖాళీ. పలచన చేశాక చాంబర్‌ను తేమలో కనీసం నాలుగు నిమిషాలు ఉంచితేగాని కణాలు గీతల మీద కుదురుకోవు. ఈ నాలుగు నిమిషాలే రద్దీలో ముందుగా ఎగిరిపోతాయి.

ఇచ్ఛాపురంలో తీసిన శాంపిల్ శ్రీకాకుళం చేరేసరికి గంట ఎప్పుడో దాటిపోతుంది. రక్తంలా దీన్ని ఐస్ డబ్బాలో పెట్టి పంపలేం, చలికి కదలిక చచ్చిపోతుంది. కాబట్టి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఈ పరీక్ష నియమం ప్రకారం జరగాలి. అందుకు కోట్లు అక్కర్లేదు. మైక్రోస్కోపు, కణాలు లెక్కపెట్టే న్యూబార్ చాంబర్, శాంపిల్‌ను వెచ్చగా ఉంచే వార్మ్ స్టేజ్, శిక్షణ పొందిన ఒక మనిషి, అన్నిటికన్నా ముందు లోపలి గడియ, కుళాయి ఉన్న చిన్న గది. మరుగుదొడ్డి చూపించి "అక్కడికెళ్లి తెండి" అంటే మగవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కడు.

పరీక్ష ఫారంలో ఫోను సంగతి తప్పక అడగండి. రోజుకు ఎన్ని గంటలు, ఎక్కడ పెడతారు, చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టి ఫోను జేబులో ఉంచే మాట్లాడతారా, హాట్‌స్పాట్ జేబులోనే నడుస్తుందా. ఊరికే పడి ఉన్న ఫోను అప్పుడప్పుడే సిగ్నల్ పంపుతుంది. కాల్‌లో, డేటాలో ఉన్నప్పుడు ఎక్కువ పంపుతుంది. టవర్ దూరమైతే ఇంకా గట్టిగా పంపుతుంది. అలాంటప్పుడు ఫోను సంచిలోనో బల్ల మీదో పెట్టుకోమనడానికి ఖర్చు లేదు, నష్టం లేదు. కౌంట్ పెరుగుతుందని మాత్రం ఎవరికీ మాటివ్వకూడదు.

వేడి గురించి ఇంకా గట్టిగా అడగండి, దానికి ఆధారం బలంగా ఉంది. వృషణాలు ఒంటికన్నా 2–4 డిగ్రీలు చల్లగా ఉండాలి. ల్యాప్‌టాప్ గంటసేపు ఒళ్లో పెట్టుకుంటే అక్కడ రెండున్నర డిగ్రీలకు పైగా వేడెక్కినట్టు 2005లోనే కొలిచి చూపించారు. పలాసలో జీడిపిక్కలు వేయించే బట్టీ ముందు నిలబడేవాళ్లను, ఇటుక బట్టీ కూలీలను, లారీ డ్రైవర్లను ఫోను గురించి మాత్రమే అడిగి పంపేస్తే ఏం లాభం? గత మూడు నెలల్లో జ్వరం వచ్చిందా, ఖైనీ, గుట్కా అలవాటుందా, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందా అన్నవీ ఫారంలో ఉండాలి. వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. అలవాటు మానిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి, వారానికి కాదు. అసలు ఒక్క రిపోర్టుతో ఎవరికీ ముద్ర వేయకూడదు. ఒకే మనిషికి వారం వారానికి కౌంట్ మారిపోతుంది.

ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. పిల్లలు లేరని దంపతులు వస్తే, లోపం దాదాపు సగం జంటల్లో మగవాడి వైపూ ఉంటుంది. అయినా కోడలికే స్కానింగ్ మీద స్కానింగ్, గొడ్రాలు అన్న మాటా ఆమెకే. ఆమెకు రెండో స్కాన్ రాసేలోపు భర్తకు ఈ పరీక్ష రాయాలని, అతని రిపోర్టు ఆమె కేస్‌షీట్‌కు జత చేయాలని జిల్లాలోని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
వీర్య పరీక్షలు చేసే లేబ్ టెక్నీషియన్లు,
శ్రీకాకుళం జిల్లా