గచ్చిబౌలి గ్యాలరీలు ఎందుకు ఖాళీగా ఉండేవి?

సంపాదకులకు,

అయ్యా,

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆడిన మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా దేశ రాజధానికి తరలిపోయినప్పటి నుంచి క్రీడాభిమానులు నలుగురు కలిసిన ప్రతిచోటా ఒకే తీర్పు వినిపిస్తోంది. హైదరాబాద్ వాళ్లకు క్రికెట్ తప్ప మరొకటి పట్టదట, గచ్చిబౌలి స్టేడియంలో జనమే ఉండరట, అలాంటి ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్ నిలవకపోవడంలో వింతేముందట. వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన నేను ఆ స్టేడియానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లినవాణ్ని, కొన్నాళ్లకు వెళ్లడం మానేసినవాణ్ని కూడా. మానేసినవాళ్లను నిందించేవారే గాని, ఎందుకు మానేశారని అడిగినవారు నాకు ఇంతవరకు కనబడలేదు కాబట్టి, ఎవరూ అడగకుండానే సమాధానం చెప్పుకుంటున్నాను.

ఈ ఊరికి ఆట పట్టదన్న మాట ముందు తేల్చుకుందాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు, ఆనాటి పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. భారత జట్టుకు ఆడిన తులసీదాస్ బలరాం పుట్టి పెరిగింది మా బొల్లారానికి కూతవేటు దూరంలోని అమ్ముగూడలో. ఆ రోజుల్లో ఫతే మైదాన్‌లో మ్యాచ్ ఉందంటే బొల్లారం నుంచి సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లమని మా నాన్నగారు చెబుతుండేవారు. అది పాత కథ, ఇప్పుడు ఆ జనం లేరని ఎవరైనా అంటే, 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ వచ్చినప్పుడు వేల రూపాయలు పెట్టి టికెట్లు కొన్నవాళ్లు ఏ ఊరివాళ్లో చెప్పాలి. అది ఆట మీద ప్రేమ కాదు, ఒక మనిషిని చూడాలన్న ముచ్చట అంటారు. చాలావరకు నిజమే, నేనూ కాదనను. అయితే ఆ సాయంత్రం గురించి మరొక సంగతి గమనించాలి. ఉప్పల్ క్రికెట్ స్టేడియం పక్కన మెట్రో స్టేషన్ ఉంది, దాని పేరే స్టేడియం. ఐపీఎల్ మ్యాచ్‌లున్న రాత్రుళ్లు మెట్రో వేళలు పొడిగిస్తారు. గచ్చిబౌలికి ఆ భాగ్యం లేదు. నీలి మార్గం రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి స్టేడియం నడిచి వెళ్లే దూరం కాదు.

దూరమంటే ఏమిటో ఒక రోజు లెక్క చెబితే తెలుస్తుంది. 2023 మార్చి 9, గురువారం, ఏటీకే మోహన్ బగాన్‌తో ఐఎస్ఎల్ సెమీఫైనల్ తొలి అంచె. క్లబ్ చరిత్రలో సొంతగడ్డపై ఆడిన మ్యాచ్‌లలో అంతకన్నా పెద్దది లేదు. పిల్లలు పదిహేను మంది పేర్లిచ్చారు. ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లే, కాని మర్నాడు బడి, పైగా పరీక్షల నెల. ఇళ్లలో తల్లులు అడిగింది ఒక్కటే, "మాస్టారూ, ఎన్నింటికి తిరిగొస్తారు?" నిజం చెప్పేసరికి పదిహేను మంది ఏడుగురయ్యారు. బొల్లారం నుంచి గచ్చిబౌలి దాదాపు 30 కిలోమీటర్లు. నాలుగున్నరకు బయలుదేరి సికింద్రాబాద్ దాకా బస్సులో, రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లాం. అక్కడ ఆఫీసులు వదిలే వేళ, రోడ్డంతా కార్లు. ఎనిమిది మందికి రెండు ఆటోలు మాట్లాడుకోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి ఆటోవాడు స్టేడియం పేరు వినగానే మీటరు మాటెత్తకుండా నాలుగు వందలన్నాడు. చివరికి ఏడు గంటల ఇరవై నిమిషాలకు సీట్లలో కూర్చున్నాం. ఎనభయ్యో నిమిషం దాటాక నేను గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను, నన్ను చూసి పిల్లలు బూట్ల లేసులు బిగించుకున్నారు. ఆట పూర్తికాకుండానే లేచి వచ్చేశాం. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది కాబట్టి మేము పోగొట్టుకున్నది ఏమీ లేదు గాని, అయిపోతుందో లేదో అని గడియారం వంక చూస్తూ కూర్చోవడాన్ని మ్యాచ్ చూడటం అనలేం. చివరి పిల్లవాణ్ని ఇంటి గుమ్మంలో దిగబెట్టేసరికి పన్నెండు కావస్తోంది. ఆ మరుసటి సీజన్‌లో పేర్లివ్వమని అడిగితే ముగ్గురే చేతులెత్తారు, నాకు కోపం రాలేదు.

ఆ వేళలు నిర్ణయించేది స్టేడియానికి వచ్చేవారిని చూసి కాదు, టీవీని చూసి. సాయంత్రం ఏడున్నర ఇంట్లో కూర్చుని చూసేవారికి మంచి సమయం, పటాన్‌చెరు నుంచో ఎల్బీ నగర్ నుంచో రావలసినవాడికి కాదు. భారత జట్టు మ్యాచ్‌లూ అంతే. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో మ్యాచ్ మంగళవారం, సిరియాతో సోమవారం. ఆ సోమవారం వినాయక చవితి వెళ్లిన రెండో రోజు, గల్లీ గల్లీకీ మండపం ఉండే రోజులు. నవంబరులో మలేసియాతో మ్యాచ్ కూడా సోమవారమే. అంతర్జాతీయ మ్యాచ్‌ల తేదీలు ఫిఫా కేలండర్‌కు లోబడి ఉంటాయి కాబట్టి వాటిని క్షమించవచ్చు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ సంగతి వేరు. బెంగాల్, కేరళ జట్లు తలపడిన ఆ ఫైనల్‌ను ఇదే గచ్చిబౌలిలో 2024 డిసెంబరు 31 సాయంత్రం పెట్టారు. ఆ రాత్రి నగరంలో ఫ్లైఓవర్లు మూసేస్తారని, అడుగడుగునా తనిఖీలుంటాయని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. బెంగాల్ 33వ సారి ట్రోఫీ గెలిచిన ఆ మ్యాచ్‌ను నేను ఫోన్‌లోనే చూశాను.

స్టేడియం లోపలి సంగతికి వస్తే, గచ్చిబౌలిది అథ్లెటిక్స్ కోసం కట్టిన మైదానం. ప్రేక్షకుడికీ గడ్డికీ మధ్య పరుగు ట్రాక్ అడ్డం ఉంటుంది, అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాళ్ల కేకలను బట్టి ఊహించుకోవాలి. ఇంట్లో ఉన్నవాడికి అదే గోల్‌ను నాలుగు కోణాల్లో చూపిస్తారు, 2023-24 సీజన్‌లోనైతే జియోసినిమాలో అది కూడా ఉచితంగా. ఇదే అసలు కారణమని వాదించే మిత్రులున్నారు గాని నేను ఒప్పుకోను. బెంగళూరు కంఠీరవ స్టేడియంలోనూ ట్రాక్ ఉంది, అయినా అక్కడ వెస్ట్ బ్లాక్ అనే అభిమానుల గ్యాలరీలో నిలబడి తొంభై నిమిషాలూ పాడేవాళ్లున్నారు. ఆ స్టేడియం నగరం నడిబొడ్డున, కబ్బన్ పార్కు పక్కన ఉంది, ఆఫీసు నుంచి నేరుగా నడిచి రావచ్చు. కొచ్చిలో స్టేడియం ఎదుటే మెట్రో ఆగుతుంది, కోల్‌కతా సాల్ట్ లేక్‌కూ సొంత స్టేషన్ ఉంది. చూపు సరిగా ఆనకపోయినా మనిషి సర్దుకుంటాడు గాని, ఇంటికి చేరే దారి లేకపోతే ఎలా సర్దుకుంటాడు?

సర్దుకోలేనిది మరొకటి ఉంది, గేటు దగ్గర మర్యాద. నగరంలోని ఒక మైదానంలో, పేరు అవసరం లేదు, పిల్లల సంచుల్లోని మంచినీళ్ల సీసాలన్నీ తీసుకుని డ్రమ్ములో పడేశారు. భద్రత కోసమే అనుకుందాం. లోపల నీళ్ల కొళాయి ఎక్కడని అడిగితే స్టాల్ చూపించారు. ఆడపిల్లలను తీసుకెళ్లిన మరో టీచరమ్మ మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే హాఫ్‌టైం అంతా తిరిగారు. ఆమె మళ్లీ రానన్నారు. ఆమె పిల్లలూ రాలేదు.

ఇవన్నీ భరించి కూడా వచ్చేవాళ్లుంటారు, ఆ జట్టు తమదని నమ్మితే. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఆ నమ్మకం ఏర్పడకపోవడమే. పుణె సిటీ జట్టు స్థానంలో 2019 ఆగస్టులో మనకు ఒక క్లబ్‌ను ప్రకటించారు, నవంబరు 2న గచ్చిబౌలిలో తొలి మ్యాచ్ పెట్టారు. ఆ రోజు కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచినా, ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున మిగిలాం. తర్వాత కోవిడ్ వచ్చింది, రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. విచిత్రమేమిటంటే ఆ రెండో సీజన్‌లోనే మనం ఛాంపియన్లమయ్యాం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళపై ఫైనల్, మన సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి నేను ఇంట్లో అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. కాని ఆ సీజన్ మొత్తంలో ఆ జట్టును ఈ ఊళ్లో ఒక్కరు కూడా స్టేడియంలో చూడలేదు. ఒక క్లబ్‌కు జీవితకాల అభిమానులు దొరికేది అలాంటి ఏడాదిలోనే. మనకు ఆ ఏడాది టీవీ పెట్టెలోనే గడిచిపోయింది, అందుకు ఎవరినీ తప్పు పట్టలేం.

ఆ తర్వాత జరిగినదానికి మాత్రం బాధ్యులున్నారు. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం వచ్చింది, జనం మెల్లగా అలవాటు పడుతున్నారు, అభిమాన సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్ల డప్పుల మోత గ్యాలరీలో గట్టిగానే వినబడేది. మరుసటి సీజన్‌కే జీతాల బకాయిల గొడవ ఫిఫా దాకా వెళ్లింది, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, పేరున్న ఆటగాళ్లంతా ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు, 22 మ్యాచ్‌లలో మిగిలిన కుర్రాళ్లు గెలవగలిగింది ఒక్కటే. 2024లో యాజమాన్యం మారింది, 2025లో ఊరే మారింది. పోయినవాళ్లు పోగా తుది జట్టులో మన బస్తీ పిల్లవాడి పేరు వినబడటం ఎప్పుడూ అరుదుగానే ఉండేది. నా పూర్వ విద్యార్థి ఒకడు ఐటీ కంపెనీలో ఉన్నాడు, లివర్‌పూల్ రిజర్వ్ బెంచీ మీదివాళ్ల పేర్లు కూడా వరసగా చెప్పగలడు, వాడి ఆఫీసు నుంచి స్టేడియం పది నిమిషాల దారి. రమ్మని పిలిస్తే, "మాస్టారూ, లివర్‌పూల్ వచ్చే ఏడాది కూడా లివర్‌పూల్‌లోనే ఉంటుంది. మనది ఉంటుందా?" అన్నాడు. అప్పుడు వాణ్ని మందలించాను. ఇప్పుడు వాడికి క్షమాపణ చెప్పుకోవాలి.

అలవాటున్న అభిమాని ఎలా ఉంటాడో చూడాలంటే కేరళ బ్లాస్టర్స్ గచ్చిబౌలి వచ్చిన రోజున చూడాలి. ఈ నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మలయాళీలు పసుపు చొక్కాలేసుకుని గుంపులు గుంపులుగా దిగేవారు. మన జట్టు రంగూ పసుపే కావడం వల్ల టీవీలో చూసినవాళ్లు హైదరాబాద్ అభిమానులు ఎంత మంది వచ్చారో అని మురిసిపోయి ఉంటారు. వాళ్లకూ అదే ట్రాఫిక్, అదే ట్రాక్, అదే వేళ. అయినా వచ్చారంటే, నేను పైన చెప్పిన ఇబ్బందులన్నీ ఒక ఎత్తు, జట్టు తమదన్న నమ్మకం ఒక ఎత్తు అని ఒప్పుకోక తప్పదు. ఆ నమ్మకం వాళ్లకు పుట్టుకతో రాలేదు, 2014 నుంచి ఒకే పేరుతో, అదే రాష్ట్రపు జట్టుగా కొనసాగుతోంది కాబట్టి వచ్చింది.

రేపు మరో క్లబ్ ఈ నగరానికి రావచ్చు, వస్తుందనే నా ఆశ. రాకముందే రాష్ట్ర క్రీడా శాఖ, ఫుట్‌బాల్ సంఘం కొన్ని పనులు చేయవచ్చు. కొన్ని మ్యాచ్‌లనైనా ఎల్బీ స్టేడియానికి తేవాలి. ప్రమాణ స్వీకారాలకూ ప్రభుత్వ విందులకూ పనికివచ్చే ఆ మైదానం, పక్కనే అసెంబ్లీ మెట్రో స్టేషన్ ఉన్న ఆ మైదానం, ఒకప్పటి ఫతే మైదానే కదా. అది కుదరకపోతే గచ్చిబౌలిలో శని, ఆదివారాల్లో అయిదున్నరకు ఆట మొదలుపెట్టాలి, మరుగుదొడ్ల తాళాలు తీసి ఉంచాలి, పిల్లలకు తాగునీరు పెట్టాలి. క్లబ్ ఎవరిదైనా సరే, కనీసం పదేళ్లు ఊరు వదలబోమని లిఖితపూర్వకంగా రాయించుకోవాలి. మ్యాచ్ రోజున ఆర్టీసీవారు రాయదుర్గం నుంచి స్టేడియానికి, తిరిగి రాయదుర్గానికి నాలుగు బస్సులు వేస్తే, బొల్లారం తరఫున మొదటి ఇరవై టికెట్లకు డబ్బు ముందే కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
బొల్లారం, సికింద్రాబాద్