పండు మళ్ళీ నాలుగు కాళ్ళూ మోపింది

అందరికీ నమస్కారం అండి. నిన్న పొద్దున మా కుక్క పండు గుమ్మం దిగి, ఎడమ ముందుకాలు నేలకి పూర్తిగా ఆనించి, గేటు దాకా నడిచింది. ఇరవై ఆరు రోజుల తర్వాత! దానికి సాయపడ్డవాళ్ళలో సగంమంది పేర్లు కూడా నాకు తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆదివారం రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నడుస్తున్నాం. మెట్ల పక్క గడ్డిలో ఎవరో పగలగొట్టి పడేసిన సీసా ఉంది. పండు కుయ్యోమని కాలెత్తేసింది. చూస్తే అరికాలి పెద్ద మెత్త అడ్డంగా తెగి, రక్తం ధారగా కారుతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బొండాలమ్మే పెద్దమ్మ కత్తి పక్కన పడేసి పరుగున వచ్చింది. "ముందు దాని మూతి కట్టమ్మా, నొప్పిలో నిన్నే కరుస్తుంది" అని నా చున్నీతో వదులుగా కట్టించి, తను తాగే నీళ్ళే పోసి కాలు కడిగింది. పక్క టీ బండి దగ్గర్నుంచి ఎవరో కాఫీపొడి తెచ్చారు, మంచి మనసుతోనే. అప్పుడే ఆగిన ఒక ఆటో అన్నయ్య వద్దన్నారు. తన మెడలోని ఎర్ర గళ్ళ తువ్వాలు తీసి మడతపెట్టి ఇచ్చి, "గట్టిగా నొక్కి పట్టండమ్మా. తీసి తీసి చూడకండి, కట్టిన రక్తం మళ్ళీ ఊడొచ్చేస్తుంది" అన్నారు. అంతకుముందు రెండు ఆటోలు కుక్కని ఎక్కించం అని వెళ్ళిపోయాయి. ఈయన మాత్రం సీటు మీదే పడుకోబెట్టమన్నారు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

పశువుల డాక్టరుగారు ఇంటికి బయల్దేరుతూ మమ్మల్ని చూసి మళ్ళీ తలుపు తీశారు. మత్తు ఇచ్చి, సెలైన్‌తో గాయం కడిగి, లోపల ఇరుక్కున్న గాజుపెంకులు రెండు తీసి కుట్లు వేశారు. కాఫీపొడి, పసుపు వేసి ఉంటే ఆ పెంకులు కనిపించేవి కావట, అదంతా మళ్ళీ కడగాల్సి వచ్చేదట. అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువుకి మెత్త విచ్చుకుంటుంది కాబట్టి ఇక్కడి కుట్లు తొందరగా తెగుతాయని, గాయం మానడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. మన జ్వరం బిళ్ళలు, ఒళ్ళునొప్పుల బిళ్ళలు ఏవీ వేయొద్దని గట్టిగా హెచ్చరించారు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్కల ప్రాణాల మీదికి తెస్తాయట. ఇంటికెళ్ళాక సగం పారాసెటమాల్ వేద్దామనే అనుకున్నాను నేను.

కట్టు కట్టడం నేర్పింది కాంపౌండరుగారు. వేళ్ళ మధ్య దూది పెట్టాలి, ఎందుకంటే కుక్కలకి చెమట పట్టేది పాదాల్లోనే. దాని మీద మెత్తగా చుట్టి, నడిమి రెండు వేళ్ళ కొసలు బయటికి కనిపించేలా వదలాలి. ఆ రెండు గోళ్ళు ఒకదానికొకటి దూరంగా జరిగితే కాలు వాస్తున్నట్టు, కట్టు బిగిసినట్టు. ఈ ఒక్క మాట పండు కాలు కాపాడింది. నాలుగో రోజు రాత్రి పదిన్నరకి ఆ గోళ్ళు విడిపోయి కనిపించాయి. మా కింది వాటాలో ఉండే నర్సు అక్క నైట్ డ్యూటీకి వెళ్తున్నదల్లా చెప్పులు విడిచి లోపలికొచ్చి కట్టు విప్పింది. వేళ్ళు అప్పటికే చల్లబడి ఉన్నాయి. ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని కట్టు మార్చింది. అక్కా, నీ రుణం నేను తీర్చుకోలేను.

కాంపౌండరుగారే ఖాళీ సెలైన్ సంచి ఒకటి కోసి ఇచ్చారు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు కట్టు తడవకుండా దాన్ని తొడిగేదాన్ని, ఇంట్లోకి రాగానే తీసేసేదాన్ని. ఉంచేస్తే లోపల చెమ్మ చేరి గాయం నానిపోతుంది. నాకకుండా మెడకు గరాటా కాలర్ కూడా వేశాం. పండుకి అది అస్సలు నచ్చలేదు పాపం, రెండు రోజులు నాతో మాట్లాడనట్టే గోడవైపు తిరిగి పడుకుంది.

మా వీధి కుర్రాళ్ళు చెప్పకుండానే తర్వాతి ఆదివారం గోనెసంచులతో వెళ్ళి ఆ మెట్ల పక్కనంతా గాజుముక్కలు ఏరేశారు. పిల్లలు కూడా చెప్పుల్లేకుండా తిరిగే చోటు అది. తమ్ముళ్ళూ, చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు నడక నుంచి రాగానే నాలుగు పాదాలూ కడిగి, తుడిచి, వేళ్ళ సందుల్లో చూస్తున్నాను. మొన్న ఒక పల్లేరుకాయ దొరికింది. ఎండాకాలం వస్తోంది కాబట్టి కుక్కలున్నవాళ్ళకి ఇంకొకటి. అరచేతి వెనకవైపు తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే అవీ ఓర్చుకోలేవు. గాలిలో 31 డిగ్రీలే ఉన్నా, ఎండ పడ్డ తారు 60 దాటగలదు. పొరపాటున కాలితే ఐసు పెట్టకుండా మామూలు చల్లటి నీళ్ళు పోస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పెద్దమ్మని మొన్న కలిశాం, పండు తల నిమిరి బొండం నీళ్ళు తాగించింది. ఆటో అన్నయ్య మాత్రం మళ్ళీ కనిపించలేదు. ఆ తువ్వాలు నాలుగుసార్లు ఉతికినా మరక పూర్తిగా పోలేదండి, అలాంటిదే కొత్తది కొని ఉంచాను. ఆ రోజు గట్టు దగ్గర రక్తం కారుతున్న గోధుమరంగు కుక్కని ఎక్కించుకున్నది ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే, పండు నడుస్తోందని ఆయనకి చెప్పండి.