ఓపీ చీటీ దగ్గర గట్టిగా అడగొద్దండి

సంపాదకుడు గారికి నమస్కారం,

"ఏం కంప్లైంటమ్మా, గట్టిగా చెప్పు" అని అడిగినాడు ఓపీ చీటీ రాసే అబ్బాయి. నా వెనకాలే క్యూలో మా వీధి ఆమె నిలబడి ఉంది. నేను చర్మం అన్నాను. చర్మం అంటే యాడమ్మా, దురదా మచ్చలా అని మళ్ళా అడిగినాడు. తలనొప్పి అని చెప్పేసి ఆ చీటీ తీసుకొని, ఏ డాక్టర్ దగ్గరికీ పోకుండా బస్సెక్కి ఇంటికొచ్చేసినా. ఇది మన తిరుపతిలోనే జరిగింది, ఏ ఆస్పత్రి అని చెప్పను, ఆ అబ్బాయి మీద కూడా నాకు కోపం లేదు, రోజుకి అన్నేసి చీటీలు రాసే వాడికి గొంతు తగ్గించే ఓపిక యాడుంటుంది. కానీ ఆ రోజు నేను లోపలికి పోయుంటే నాకు చాలా ఏడుపు తప్పేది, అందుకే రాస్తా ఉన్నాను.

నాకొచ్చింది చెప్పుకోలేని చోట పొక్కులు, హెర్పిస్ అనే వైరస్‌వి అని తర్వాత తెలిసింది. ఆవగింజలంత నీటి పొక్కులు గుంపుగా, ఒకటే మంట, ఒంటికి పోతే ప్రాణం పోయినట్టు ఉండేది, గజ్జల్లో బిళ్ళలు కట్టినాయి, సాయంత్రానికి జ్వరం. వేడి చేసిందనుకొని సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగినా. మా అత్తకి పొక్కులు అని మాత్రం చెప్తే సర్పి అయ్యుంటుంది, పూత పూయించుకుందువు రా అనింది, ఇంక యాడ అని చూపించేది. (సర్పి వేరే లెండి, చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిన వైరస్సే పెద్దయినాక మళ్ళా లేస్తే వచ్చేది అది. దాన్నీ హెర్పిస్ జోస్టర్ అంటారు కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.) మెడికల్ షాపులో ఎవురూ లేనప్పుడు చూసి పోయి పొక్కులకి ఏమన్నా ఇయ్యన్నా అంటే ఒక ట్యూబు చేతిలో పెట్టినాడు, దురద తగ్గుతుందని. తగ్గలేదు.

నాలుగో రాత్రి పిల్లోళ్ళు పడుకున్నాక ఫోన్‌లో వెతికినాను. హెర్పిస్ అని, కలయిక వల్ల అంటుకునేదని చూసేసరికి కాళ్ళు చేతులు చల్లబడిపోయినాయి. మరుసటి రోజు ఒక ప్రైవేటు ల్యాబుకి పోతే ఏదో ప్యాకేజీ అని 2,800 తీసుకున్నారు, డాక్టర్ చీటీ ఉందా అని ఒక్కరు అడగలేదు, రిపోర్టులో హెర్పిస్ ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని చూసే రక్త పరీక్ష) పాజిటివ్ అని వచ్చింది. అంతే, ఆ కాయితం బీరువాలో చీరల కింద పెట్టి పది రోజులు మా ఆయన్ని నేను చూసిన చూపు నాకే తెలుసు. అన్నం పెట్టి పక్కకి పోయేదాన్ని. ఎవురితో తిరిగొచ్చినాడో అని రాత్రంతా లెక్కలు వేసేదాన్ని, పాపం ఆ మనిషి ఒంట్లో బాగలేదా, పుట్టింటికి పోతావా అని అడిగేవాడు.

చివరికి ధైర్యం చేసి ఒక లేడీ స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయినా. ఆమె రిపోర్టు చూసి పక్కన పడేసి, ఈ ఐజీఎంతో ఏమీ తేల్చలేమమ్మా, కొత్తగా వచ్చిందో పాతదో చెప్పదు, టైప్ 1 ఆ (ఎక్కువగా నోటి దగ్గర వచ్చేది) టైప్ 2 ఆ (ఎక్కువగా కింద వచ్చేది) అనేదీ చెప్పదు, వేరే వైరస్‌కి కూడా పాజిటివ్ చూపిస్తుంది అనింది. ఐజీజీ అని ఇంకో రక్త పరీక్ష ఉంది గానీ అది సరిగ్గా తెలియాలంటే తగిలినాక 12 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందంట, అప్పుడు కూడా వైరస్ నోటి దగ్గరుందా కింద ఉందా అనేది చెప్పలేదంట. అసలు పరీక్ష పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దాన్నుంచి దూదిపుల్లతో స్వాబ్ తీసి పీసీఆర్‌కి, అంటే వైరస్‌నే గుర్తుపట్టే పరీక్షకి పంపేది, మొదటి 48 గంటల్లో అయితే బాగా తెలుస్తుంది. "అన్నీ ఎండిపోయినాక వస్తే నేను దేంట్లోంచి తీసేది తల్లీ?" అనింది. ఆ 48 గంటల్లోనే కదా నేను ఓపీ క్యూలో నిలబడి తలనొప్పి అని చెప్పొచ్చింది.

రెండు నెలలకి మళ్ళా లేచినాయి, ఈసారి కొన్నే. అదే రోజు పరిగెత్తినా. స్వాబ్‌లో టైప్ 1 అని వచ్చింది. డాక్టరమ్మ ఫస్టు అడిగిన మాట, మీ ఆయనకి జ్వరమొస్తే పెదాల మీద పొక్కులొస్తాయా అని. వస్తాయి, పెళ్ళైనప్పట్నుంచీ చూస్తానే ఉన్నా, మా అత్త చిన్నప్పట్నుంచీ అంతే అంటుంది. అదే వైరస్ నోటినుంచి కిందికి తగలొచ్చంట, తగిలినాక 2 నుంచి 12 రోజుల్లో బయటపడొచ్చు, లేదంటే ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండి ఎప్పుడో లేవొచ్చు, అందుకే ఎవురు ఎప్పుడు అంటించినారని పొక్కుని చూసి చెప్పలేరంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్ళ లోపు వాళ్ళల్లో నూటికి 64 మందికి ఈ టైప్ 1 ఉంది. టైప్ 2 అయితే 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళల్లో నూటికి 13 మందికి. ఇంతమందికి ఉండేదానికి నేను ఒక్కదాన్నే పాపం చేసినట్టు ఏడ్చినా చూడండి.

దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ ఎసైక్లోవిర్ మాత్రలు మొదటి రోజే మొదలుపెడితే తొందరగా మానుతుంది. పెద్ద గవర్నమెంటు ఆస్పత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ డాక్టర్ చూసి ఇవే పొక్కులు అనుకుంటే ఎర్ర రంగు కిట్ ఊరికే ఇస్తారు, 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకి మూడు, 7 రోజులకి. పనిలో పని హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోమంటారు, అది మంచిదే. ఈ సంగతి నాకు తెలిసేసరికి చేతిలో డబ్బులన్నీ అయిపోయినాయి. సురక్ష అని బోర్డు చూస్తే ఇన్సూరెన్స్ ఆఫీసు అనుకుంటారు జనం, దాని కింద తెల్లబట్ట, పొక్కులు, పుండ్లు ఇక్కడ చూస్తారు అని తెలుగులో ఒక లైను రాస్తే ఏం పోతుంది? ఓపీ దగ్గర నోటితో అడిగే బదులు ఒక కాయితంలో నంబర్లు వేసి పెట్టి వేలు చూపించమంటే చాలదా?

నెలలు నిండిన ఆడోళ్ళయితే మాత్రం సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పి తీరాలి, కాన్పు టయానికి పొక్కులుంటే బిడ్డకి ప్రమాదం, అప్పుడు ఆపరేషన్ చేసి తీస్తారు. మనిషి దగ్గరికి పోలేనోళ్ళకి 1097 అని ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్‌లో ఊరికే మాట్లాడొచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దండి. బస్టాండు గోడల మీద గుప్త రోగాలు గ్యారంటీ అని అంటించే కాయితాలనే అందరూ తిడతారు గానీ పేపర్ల చిన్న ప్రకటనల్లో కూడా అవే వస్తాయి కదా. ఆ చోటులో ఒక వారం 1097 వేయండి.

నా పేరు వేయొద్దు. మా ఆయనకి అంతా చెప్పినాను, మా అత్తకి ఇంకా సర్పి అనే చెప్పున్నాం.

ఒక పాఠకురాలు,
తిరుపతి