పాత మోటారు పడవకు ముందు అడుగు, ఆ తర్వాతే మెరుగు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫోటోలూ అందాయి. ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న ఆ మహాగని మోటారు పడవను చివరికి నీ షెడ్డులోకి తెచ్చుకున్నావని చదివి చాలా సంతోషించాను. ముక్కలైపోవలసిన పడవను నిలబెట్టడానికి పూనుకున్నవాడు నా స్నేహితుడే కావడం నాకు గర్వంగా ఉంది. అయితే, ముందుగా డెక్కు మీది పాత వార్నిష్ గీకేసి కొత్త పూత వేస్తానని నువ్వు రాసిన మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. దయచేసి ఆ పని ఇప్పుడు మొదలుపెట్టకు. నా పడవ బాగుచేసుకున్నప్పుడు నాకు బాగా తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, చెక్క పడవ బలమంతా అడుగులోనే ఉంటుంది, పైన ఎంత మెరుగు పెట్టినా అడుగు సరిగా లేని పడవ నీటిలో నిలవదు. పైగా అడుగు పని చేసేటప్పుడు పడవను తిరగెయ్యాలి, జాకీలతో ఎత్తాలి, పలకలు ఊడదీయాలి. అప్పటికే డెక్కు తళతళలాడుతూ ఉంటే ఆ శ్రమంతా గీతలు పడి వృథా అవుతుంది.

అన్నిటికంటే ముందు పడవ ఆకారం చూడు. నీటిలో ఉన్న పడవ బరువును నీరు అడుగు పొడవునా మోస్తుంది. అదే పడవ ట్రెయిలర్ మీదనో రెండు మూడు దిమ్మల మీదనో ఏళ్లకేళ్లు ఉంటే, బరువంతా ఆ కొద్ది చోట్లనే పడి అడుగు దూలం నెమ్మదిగా వంగిపోతుంది. కాబట్టి ఒక్క స్క్రూ కూడా విప్పకముందే ముందు కొస నుంచి వెనక పలక దాకా దారం బిగించి కట్టి, దూలం ఆ దారానికి ఎక్కడెక్కడ ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకో. రసమట్టం అడ్డంగా పెట్టి రెండు పక్కలూ సమంగా ఉన్నాయో లేదో చూడు. మూలకు మూల కొలిస్తే మెలిక తిరిగిందేమో తెలుస్తుంది. వెనక భాగంలో, నీటి మీద జారిపోయే అడుగు దగ్గర, తిన్నని బద్ద ఒకటి పొడవునా ఆనించి చూడడం చాలా అవసరం. అక్కడ అడుగు లోపలికి గుంటపడి ఉంటే పడవ వేగం అందుకోగానే ముక్కు కిందికి దిగుతుంది, బయటికి ఉబ్బి ఉంటే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. ఈ వంపులు పోవాలంటే దూలం పొడవునా దగ్గర దగ్గరగా దిమ్మలు పెట్టి, జాకీలతో కొద్దికొద్దిగా, వారాల వ్యవధిలో సరిచేసుకుంటూ రావాలి. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే వంకర మీద కొత్త పలకలు బిగించావంటే ఆ వంకర ఇక ఎప్పటికీ పోదు.

నీ ఫోటోల్లో తయారీదారు పేరు కనబడలేదు. అది క్రిస్-క్రాఫ్ట్ పడవ అయితే నీకు ఒక మంచి ఆధారం దొరుకుతుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని అల్గొనాక్‌లో మొదలైన ఆ కంపెనీ తాను కట్టిన పడవలకు విడివిడిగా కార్డులు రాసి ఉంచింది. వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఉన్న మెరీనర్స్ మ్యూజియం ఆ దస్తావేజులను భద్రపరిచింది. హల్ నంబరు, అంటే పడవకు కంపెనీ ఇచ్చిన సంఖ్య, తెలిస్తే, పడవతో పాటు వచ్చిన ఇంజిను ఏదో, మొదటి రంగులేమిటో ఆ కార్డును బట్టి తెలుసుకోవచ్చు. కాబట్టి లోపలి చెక్కలనూ, నేల పలకల అడుగునూ దీపం వేసి వెతికి, చెక్కిన అంకెలు గాని పెన్సిల్ రాతలు గాని కనబడితే వాటిని చెరపకుండా ఫోటో తీసి పెట్టు.

ఇక కుళ్లు సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. చెక్కను తినే శిలీంధ్రానికి తేమ కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతం కంటే తక్కువగా ఉన్నంత కాలం అది పెరగలేదు. ఉప్పునీరు కూడా దానికి పడదు. అందువల్ల ఇలాంటి పడవలకు సముద్రం కంటే వాన నీరే పెద్ద శత్రువు. డెక్కు అతుకుల్లోంచి బొట్టుబొట్టుగా దిగిన వాన నీరు, గాలి ఆడని మూలల్లో చేరి, దుమ్మూ ఆకులూ కలిసిన బురదగా నిలిచిపోతుంది. అడుగూ పక్కా కలిసే అంచు దగ్గర, పక్కటెముకల్లా పడవను నిలబెట్టే ఫ్రేముల కొసలు, వెనక పలక కింది అంచు, దూలాన్ని ఆనుకొని ఉన్న మొదటి పలక, డెక్కు అంచుల కింది భాగం, ఇవన్నీ అటువంటి చోట్లే. ఫ్రేముల అడుగున నీరు పారడానికి వదిలిన చిన్న రంధ్రాలు పూడిపోయి ఉంటే, వాటికి అటూ ఇటూ ఉన్న చెక్కను తప్పకుండా అనుమానించాలి.

ఒక దబ్బనం, ఒక చిన్న చెక్క సుత్తి తీసుకో. గట్టి చెక్క మీద సుత్తితో తడితే మోత స్పష్టంగా పలుకుతుంది, కుళ్లిన చోట మాత్రం చప్పుడు బొంగురుపోతుంది. అలా అనుమానం కలిగిన ప్రతిచోటా దబ్బనం గుచ్చి చూడు. నా పడవ వెనక పలక కింద రంగు ఎక్కడా పొక్కకుండా నున్నగా ఉండేది. దబ్బనం ఆనించి నొక్కేసరికి అది పిడి దాకా దిగిపోయింది, బయటికి లాగితే దాని మొనకు గోధుమ రంగు పొడి అంటుకొని వచ్చింది. అటువంటి చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లు. కుళ్లు కంటికి కనబడినంత మేరే ఉందనుకోకూడదు. శిలీంధ్రపు పోగులు చెక్క వాటం వెంబడి, అంటే నార సాగే దిశలో, ముందుకు సాగి ఉంటాయి కాబట్టి, గట్టి చెక్క తగిలిన తర్వాత కూడా మరికొన్ని అంగుళాలు కోసి తీసెయ్యడం మంచిది. మెత్తబడిన చెక్కలోకి పలుచని ఎపాక్సీ (ఆరాక రాయిలా గట్టిపడే జిగురు) పోసి గట్టిపరచవచ్చని చాలామంది చెబుతారు. అలంకారపు ముక్కలకు అది చాలవచ్చు, బరువు మోసే ఫ్రేములకూ దూలానికీ అది చాలదని నా గట్టి అభిప్రాయం. వాటికి కొత్త చెక్కే వెయ్యాలి. పొడవు అతకవలసి వస్తే ఏటవాలుగా కోసి అతుకు, ఆ వాలు పొడవు చెక్క మందానికి కనీసం 8 రెట్లు ఉండాలి, 12 రెట్లు ఉంటే మరీ మేలు.

ఫ్రేములకు ఓక్ కొనేటప్పుడు తెల్ల ఓక్ అని నొక్కి చెప్పు. ఎర్ర ఓక్ సన్నని గొట్టాలు తెరుచుకొని ఉండే చెక్క. దాని చిన్న ముక్కను ఒక కొస నీటిలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓక్‌లో ఆ గొట్టాలు సహజంగానే మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నీరు అంత సులభంగా లోపలికి ఎక్కదు.

స్క్రూలు తీయడం ఓపిక పరీక్షించే పని, కాని నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. ప్రతి స్క్రూ తల మీదా ఒక చెక్క బిరడా ఉంటుంది. దాని నడుమ చిన్న రంధ్రం చేసి, సన్నని ఉలితో జాగ్రత్తగా ఊడదీయాలి. స్క్రూ గాడిలో పేరుకున్న రంగునూ లప్పాన్నీ మొనతో గీకి శుభ్రం చేసి, వేడెక్కిన సాల్డరింగ్ ఐరన్‌ను కాసేపు తలకు ఆనించి, గాడిలో సరిగ్గా పట్టే వెడల్పున్న స్క్రూడ్రైవరుతో ముందు కొద్దిగా బిగించి, పట్టు వదిలాక విప్పాలి. పాతవి ఇత్తడి స్క్రూలైతే వాటి రంగు చూడు. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, గులాబీ రంగు గుల్ల రాగి మాత్రం మిగులుతుంది. అలాంటి స్క్రూ పైకి నిండుగానే కనబడుతుంది గాని, తిప్పగానే సుద్దముక్కలా విరుగుతుంది. కొన్ని అలా విరిగాయంటే అడుగు మొత్తానికి స్క్రూలు మార్చవలసిందే. కొత్తవి సిలికాన్ కంచువి తీసుకో. దానిలో దాదాపు 96 శాతం రాగీ, 3 శాతం సిలికానూ ఉంటాయి. తుప్పు పట్టదు కదా అని నీటి మట్టానికి కింద స్టెయిన్‌లెస్ స్టీలు వాడకు. తడి చెక్క లోపల ఆక్సిజన్ అందని చోట అది కూడా గుంటలు పడి తినుకుపోతుంది.

ఆ కాలపు పడవల్లో అడుగు తరచుగా రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పలకలు ఏటవాలుగానూ, బయటి పలకలు పొడవుగానూ వేసి, నడుమ లప్పం పట్టించిన కాన్వాసు గుడ్డ పరిచేవారు. ఆ గుడ్డ ఎప్పుడో చివికిపోయి ఉంటుంది. ఇప్పుడు దాని స్థానంలో సాగే గుణమున్న పాలియురెథేన్ జిగురు వాడేవారు చాలామంది. పాత పద్ధతి వదలకూడదనే వాళ్లు దీన్ని ఒప్పుకోరు, ఎందుకంటే ఒకసారి పట్టుకున్న పలకను మళ్లీ విడదీయడం చాలా కష్టం. పడవ సీజనంతా నీటిలోనే కట్టి ఉంచేటట్లయితే పాత పద్ధతే చాలునని నేను అనుకుంటాను, పలకలు నీరు పీల్చి ఉబ్బి సందులను తామే మూసుకుంటాయి. నువ్వు మాత్రం పడవను ట్రెయిలర్ మీద ఉంచి అప్పుడప్పుడు దింపుతానన్నావు. అటువంటి పడవకు ఉబ్బే సమయమే దొరకదు కాబట్టి జిగురే సరైనది. ఏ పద్ధతి అయినా పలకలన్నీ ఒక్కసారిగా ఊడదీయకు. కొన్ని తీసి, వాటి స్థానంలో కొత్తవి వేశాకే తర్వాతి వాటి జోలికి వెళ్లు, లేకపోతే ఆకారం నిలిపే ఆధారం పోతుంది. తీసిన ప్రతి పలకా, ఎంత కుళ్లినా సరే, కొత్త పలకకు అచ్చు అవుతుంది, కాబట్టి నంబరు వేసి దాచు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత పడవల లోపలి అడుగుకు సీసం కలిసిన ఎర్ర రంగు వేసేవారు. దాన్ని పొడిగా గీకవద్దు. తడిపి గీకు, మంచి మాస్క్ పెట్టుకో, ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లకు, పిల్లలను షెడ్డులోకి రానియ్యకు.

చెక్క పని సాగుతున్నప్పుడే ఇంజిను పనీ చూసుకోవచ్చు. తిరగకుండా పట్టేసిందని రాశావు గాని అంత మాత్రానికే నిరాశపడకు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండరులో పలుచని నూనె పోసి కొన్నాళ్లు నాననివ్వు. ఆ తర్వాత ఫ్లైవీల్‌ను చేత్తోనే అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలించు. స్టార్టరుతో తిప్పడానికి ప్రయత్నిస్తే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. తిరగడం మొదలయ్యాక కంప్రెషన్ కొలువు, సిలిండర్లన్నీ ఇంచుమించు సమంగా చూపిస్తున్నాయా అన్నదే ముఖ్యం. బయటి నీటినే నేరుగా తోడి చల్లబరిచే ఇంజిను అయితే నీటి గదుల్లో తుప్పు బురద పేరుకొని ఉంటుంది, దాన్ని పూర్తిగా కడగకుండా నడపకూడదు.

పెట్రోలు విషయంలో మాత్రం ఏమాత్రం రాజీపడవద్దని ప్రాధేయపడుతున్నాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, కారితే పడవ అడుగుకు చేరి అక్కడే నిలుస్తుంది. కారు స్టార్టరూ ఆల్టర్నేటరూ పడవలో అమర్చకు, పడవల కోసం చేసినవి నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. ఇంధనపు గొట్టాలన్నీ కొత్తవి వెయ్యి, కార్బురేటరు మీద మంటను ఆపే జల్లెడ తప్పకుండా ఉండాలి, ఇంజిను స్టార్టు చేసే ముందు ప్రతిసారీ కనీసం 4 నిమిషాలు, లోపలి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను అయిన బ్లోయరు నడిపి లోపల వాసన చూడు.

ఇవన్నీ అయ్యాక నువ్వు కోరుకున్న వార్నిష్. ఇనుము తగిలి నల్లబడిన మచ్చలు ఆక్సాలిక్ ఆమ్లంతో పోతాయి. చెక్క బిరడాలను పలక వాటానికి వాటం కలిపి, ఎపాక్సీతో కాకుండా వార్నిష్‌తోనే అంటించు, మరెప్పుడైనా ఎవరైనా స్క్రూ తీయవలసి వస్తే నీకు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. మొదటి పూత సగానికి సగం పలుచన చేసి చెక్కలోకి ఇంకనివ్వు. ఆపైన పూతకూ పూతకూ నడుమ సన్నని గరుకు కాగితంతో రుద్దుతూ 10 నుంచి 12 పూతలు వెయ్యి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు వార్నిష్ తట్టుకోవాలంటే ఆ మందం ఉండాలి. పూత వేసే ముందు నేల తడిపితే దుమ్ము లేవదు. అవిసె నూనె కలిసిన రంగులు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడెయ్యకు, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాలి. క్రోమియం సామాన్లూ సీట్లూ చివరి పనులు, వాటి గురించి తర్వాత రాస్తాను.

పడవను నీటికి దింపే రోజున పడవను మోసే పట్టీలు వెంటనే విప్పకుండా కాసేపు ఉంచి, ఎక్కడెక్కడ నీరు ఊరుతోందో చూడు. పంపు దగ్గరే ఉండాలి. ప్రొపెల్లరును తిప్పే షాఫ్టును సరిచూడడం కూడా నీటిలో కుదురుకున్నాకే, ఎందుకంటే ఒడ్డున ఉన్న ఆకారం నీటిలో కొంత మారుతుంది. ఇంజినుకూ షాఫ్టుకూ నడుమ ఉన్న కప్లింగు ముఖాల మధ్య తేడా, దాని వ్యాసం ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యోవంతు మించకూడదు.

ముందుగా దారం కొలతలూ, సుద్ద గుర్తులు పెట్టిన చోట్ల ఫోటోలూ పంపు. ఏ ఫ్రేము ఉంచాలో, ఏది మార్చాలో వాటిని చూసి నిర్ణయిద్దాం. చెక్క కొనడం అప్పటిదాకా ఆపు.

ఇట్లు,
నీ మిత్రుడు