వెనక సీటు బెల్టు సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి,

మడపాం టోల్‌గేటు దగ్గర పోలీసులున్న రోజు కాసేపు నిలబడితే, సీటు బెల్టు చట్టం మన జిల్లాలో ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. ఖాకీ చొక్కా కనబడగానే డ్రైవరు బెల్టు లాగి నడుం దగ్గర చేత్తో పట్టుకుంటాడు. బకిల్‌లో పెట్టే ఓపిక కూడా ఉండదు. దాటగానే వదిలేస్తాడు. ఎదురొచ్చే కార్లవాళ్లు లైట్లు కొట్టి మరీ చెకింగ్ ఉందని హెచ్చరిస్తారు, అదో పరోపకారం!

జరిమానా తక్కువై ఇలా జరుగుతోందని నేననుకోను. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 100 రూపాయలను ఒకేసారి 1000 చేసింది. ఎవరూ ఆపరన్న ధీమా ఉన్నవాడికి వెయ్యయినా పదివేలయినా ఒకటే. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ప్రచారం చేసినా బెల్టు వాడకం 40 శాతం దగ్గరే ఉండేది. 1983 జనవరి 31 నుంచి ముందు సీట్లలో తప్పనిసరి చేశాక 90 శాతం దాటింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బెల్టు లేదని బండి ఆపొచ్చు, కొన్నిట్లో వేరే తప్పు మీద ఆపితేనే దీనికీ జరిమానా రాయాలి. నేరుగా ఆపగలిగే రాష్ట్రాల్లోనే వాడకం ఎక్కువ. మన పోలీసులకు ఆపే అధికారం ఉండనే ఉంది.

ఇక వెనక సీటు. అక్కడా బెల్టు తప్పనిసరేనని నిబంధన ఉంది. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ చనిపోయినప్పుడు దేశమంతా ఇదే మాట. ఇప్పుడు మన పెళ్లిళ్ల సీజన్‌లో ఏ ట్రావెల్స్ కారైనా ఎక్కి చూడండి, వెనక బకిళ్లు సీటు కవరు కింద పడి ఉంటాయి. ముగ్గురి సీట్లో నలుగురు, చంటిపిల్ల ముందు సీట్లో తాతగారి ఒళ్లో. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోయినా వెయ్యి జరిమానా అని ఆ తాతగారికి ఎవరు చెప్పారు? (షేర్ ఆటోల జోలికి పోను, వాటిలో బెల్టే లేదు.)

శ్రీకాకుళం, విజయనగరం ఎస్పీలకు నా విన్నపం ఒక్కటే. చెకింగ్ ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేళ పెట్టకండి. ఈరోజు నాతవలస అయితే రేపు రణస్థలం, ఎల్లుండి సాయంత్రం టెక్కలి. వెనక అద్దం కూడా దించమనండి. ప్రభుత్వ శాఖల అద్దె కార్లతో మొదలుపెడితే జనానికి అడగడానికి మాట ఉండదు.

ఒక పాఠకుడు,
నరసన్నపేట