కంటైనర్ ఎందుకు ఆగిందో రైతుకీ చెప్పండి

ఎడిటర్ గారికి,

రొయ్యల ఎగుమతుల మీద వార్త వచ్చిందంటే టారిఫ్‌లు, డాలర్ల లెక్కలే ఉంటున్నాయి. భీమవరం చుట్టుపక్కల చెరువులు చేసే మాలాంటి వాళ్లకు అంతకన్నా ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. యూరప్‌లోనో అమెరికాలోనో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయని కంటైనర్ ఆపేస్తే ఆ సంగతి అక్కడ కొన్నవాళ్లకు తెలుస్తుంది, ఇక్కడ రొయ్యలను శుద్ధిచేసి ప్యాక్ చేసే ప్లాంటుకు తెలుస్తుంది, సరుకు పండించిన రైతు దాకా మాత్రం చాలాసార్లు రాదు.

యూరోపియన్ యూనియన్ 2016లో మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో శాంపిల్ తీసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. పట్టుబడికి ముందు మేమూ ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తున్నాం, మంచిదే. కానీ ఆ పరీక్ష అవశేషం ఉందా లేదా అనే చెబుతుంది. హేచరీలో పిల్లకు వాడారా, మేతలో కలిసిందా, ప్రోబయాటిక్ అని షాపులో అమ్మిన డబ్బాలోనే ఉందా అన్నది రైతు ఒక్కడే ఎలా కనిపెడతాడు? నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందులు తెలిసి వాడేవాళ్లను నేను వెనకేసుకురావడం లేదు, వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే.

సరుకు ఏ చెరువుదో చెప్పే రికార్డు ఎగుమతికి తప్పనిసరి. ఆ రికార్డు చూసి, కంటైనర్ ఆపడానికి కారణమైన ల్యాబ్ రిపోర్టు కాపీని రైతుకు పంపడానికి అడ్డేమిటి?

కొనేవాళ్లు సరుకిచ్చేవాళ్లకు సాయం చేయడం కొత్తేమీ కాదు. అమెరికాలో టొయోటా 1992లో ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టి, తనకు విడిభాగాలు ఇచ్చేవాళ్ల ఫ్యాక్టరీలకు సొంత మనుషులనే పంపి పని మెరుగుపరచడం నేర్పింది. మన రొయ్యలు కొనే సూపర్‌మార్కెట్లు మాత్రం రొయ్యలను బాధ్యతగా పెంచారని చెప్పే బీఏపీ, ఏఎస్‌సీ సర్టిఫికెట్లు అడుగుతాయి, వాటి ఖర్చులో వాటా ఎంత భరిస్తారో ముందే చెబితే బాగుంటుంది.

ఇందుకోసం కొత్త కమిటీలు అక్కర్లేదు. 2007లో ఎంపెడా పెట్టిన నాక్సా (చెరువు రైతుల కోసం పనిచేసే సంస్థ) కింద రైతు సొసైటీలు ఉన్నాయి కదా, పిల్ల వదిలే ముందే కొనేవాళ్ల టెక్నీషియన్, ప్లాంటు, హేచరీ, మేత కంపెనీ వాళ్లు ఆ సొసైటీలతో కూర్చోవాలి. రైతుల వైపు నుంచీ మార్పు రావాలి. వాడిన మందుల వివరాలు దాచకుండా రాయాలి, రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే పక్క చెరువుల వాళ్లకు చెప్పకుండా నీళ్లు కాలవలోకి వదిలేయడం మానాలి.

ముందుగా, లాటు తిరస్కరించిన వారంలోగా ల్యాబ్ రిపోర్టు ఆ రైతుకు చేరాలని మత్స్యశాఖ, ఎంపెడా కలిసి ప్లాంట్లకు ఆదేశాలివ్వాలి. వచ్చే పంటకైనా ఇది జరగాలని కోరుతున్నాను.

– ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా